ఇతర విషయాలు చర్చించబడినవి

మొన్న ఆదివారం అటక మీది సామాన్లు దించి దులుపుతుంటే మా సంఘం పాత తీర్మానాల పుస్తకాలు మూడు బయటపడ్డాయి. చెదలు పట్టాయేమోనని భయపడ్డాను కానీ, అప్పుడెప్పుడో మధ్యలో పెట్టిన వేపాకు పుణ్యమా అని బాగానే ఉన్నాయి. దులపడం ఆపేసి మెట్ల మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. అల్మారాలో పరుద్దామని పాత పేపరు తీసి, ఆ పేపరే చదువుతూ కూర్చునే జబ్బు మనందరికీ ఉన్నదే కదా!

ఆ పుస్తకాల్లో రాత అంతా నాదే. నేను సంఘంలో చేరిన కొత్తలో లీడరు అక్క, "నువ్వు తెలుగు బీఏ చదివావంట కదా, తీర్మానాలు నువ్వు రాయి" అంది. బీఏ చదువు ఇన్నాళ్ళకి ఒక పనికి వచ్చిందని మురిసిపోయాను. అలా పదకొండేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. చండ్రుగొండ ఖమ్మం జిల్లాలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పుస్తకం, 2016లో మేం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాక కూడా అదే నడిచింది. పై వరసలో జిల్లా పేరు మారింది గానీ కింద రాసేది మాత్రం మారలేదు.

హాజరు ఇంత. పొదుపు ఇంత. కిస్తీ కట్టినవారు, కట్టనివారు. కొత్త అప్పు ఎవరికి, ఎంత, ఎందుకు. చివర్లో ఎప్పుడూ ఒకే వాక్యం: "ఇతర విషయాలు చర్చించబడినవి. సమావేశం ముగిసినది."

పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే ఆ వాక్యం దగ్గర చూపు ఆగడం మొదలైంది. కాలేజీలో మా తెలుగు మాస్టారు కర్మణి ప్రయోగం చెప్పేటప్పుడు, ఇది మన భాషకి అంతగా నప్పని వాక్యమనేవారు. "రాముడు రావణుణ్ణి చంపాడు అంటే సరిపోయేదానికి, రాముని చేత రావణుడు చంపబడెను అనడమెందుకమ్మా" అని నవ్వించేవారు. నేనైతే ఇంకో మెట్టు పైకెక్కి, "రాముని చేత" అన్నది కూడా తీసేశాను. ఇతర విషయాలు చర్చించబడినవి. ఎవరు చర్చించారు? ఏ విషయాలు? చివరికి ఏమైంది? ఏమీ లేదు. కర్త లేదు, కర్మ లేదు, ఫలితం లేదు.

మూడో పుస్తకంలో ఒక పేజీ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందట, జూన్ నెల. అప్పుడప్పుడే తొలకరి పడింది. మా సంఘంలో కుట్టుపని వచ్చిన ఆరుగురు కలిసి ఒక బడికి యూనిఫారాలు కుట్టే పని ఒప్పుకున్నారు. గుడ్డ, కొలతలు వాళ్ళే ఇస్తారు, కుట్టి ఇస్తే జతకింత అని మాకు కూలి. ఆ ఆరుగురిలో మా వెనక వీధి అమ్మాయి ఒకామె ఉంది. పేరు ఇక్కడ రాయను, చెల్లి అందాం. పదో తరగతితో చదువాపి, కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న మనిషి. మీటింగుల్లో పెద్దగా మాట్లాడేది కాదు.

ఆ రోజు లెక్కలన్నీ అయ్యాక, "అక్కా, ఒక మాట" అని లేచింది.

"మనం జాకెట్లకి పక్కల్లో లోపల బట్ట వదులుతాం కదా, లావైతే విప్పుకోవచ్చని. ప్యాంట్లకి కూడా కాళ్ళ దగ్గర లోపలికి రెండంగుళాలు ఎక్కువ మడిచి కుడదాం. పిల్లలు ఏడాదిలో పొడుగైపోతారు. సంక్రాంతి దాటేసరికి ప్యాంటు చీలమండల పైకొస్తుంది. మడత విప్పి కుట్టుకుంటే ఏడాది గడిచిపోతుంది, ఒక్కోసారి రెండేళ్ళు కూడా."

హాజరు చీటీ వెనకాల లెక్క కూడా వేసుకొచ్చింది. ప్యాంటుకి రెండంగుళాల చొప్పున వంద ప్యాంట్లకి సుమారు అయిదు మీటర్ల గుడ్డ ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చు బడివాళ్ళు పెట్టుకుంటారేమో అడుగుదాం, లేదంటే ప్యాంటుకి ఇంతని తల్లిదండ్రుల్ని అడుగుదాం అంది.

లీడరు అక్క, "ఇచ్చిన కొలతకి కుట్టి ఇస్తే సరిపోద్ది కదమ్మా, మనకెందుకు లేనిపోని తలనొప్పి" అంది. ఇంకెవరో, "ఏటా పొట్టైతేనే కదా ఏటా మనకి కుట్టే పని" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. చెల్లి నా వైపు చూసింది, చదువుకున్న అక్క కదా, ఏమన్నా అంటుందేమోనని. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను, ఇంటికి పోవాలన్న తొందరలో ఉన్నాను. "చూద్దాంలే" అన్నాను.

పుస్తకంలో ఏం రాశానో మీకు తెలుసు కదా.

ఆ తర్వాత చెల్లి ప్రతి మీటింగుకీ వచ్చింది. పొదుపు కట్టింది, సంతకం పెట్టింది, వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ "ఒక మాట" అనలేదు. ఆ సంగతి కూడా నేను గమనించలేదు. గొడవ పడితే గుర్తుంటుంది గానీ, మౌనంగా ఉన్న మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నిజం చెప్పాలంటే మా సంఘంలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఒకరి కష్టానికి ఒకరం నిలబడతాం. మరి ఒక మంచి ఆలోచన మా మధ్యకి వచ్చి, కూర్చోవడానికి చోటు లేక ఎందుకు వెళ్ళిపోయింది?

ఆలోచిస్తే నాకు తోచింది ఇది. సంఘాలకి పంచసూత్రాలని ఉంటాయి, సంఘంలో ఉన్నవాళ్ళకి కంఠతా వచ్చేవే. క్రమం తప్పకుండా సమావేశం కావాలి, పొదుపు చెయ్యాలి, సభ్యులకి అప్పులివ్వాలి, వాయిదా ప్రకారం తిరిగి కట్టాలి, పుస్తకాలు సరిగ్గా రాయాలి. అయిదూ బంగారంలాంటి మాటలే. వాటివల్లే మాలాంటివాళ్ళకి బ్యాంకులో కుర్చీ వేస్తున్నారు. కానీ పైనుంచి ఎవరు వచ్చినా అడిగేది ఈ అయిదే. కిస్తీ కట్టారా, పుస్తకం రాశారా. "ఈ నెల మీలో ఎవరికైనా కొత్త ఆలోచన వచ్చిందా" అని అడిగినవాళ్ళు లేరు. అడగనిదానికి మార్కులుండవు. మార్కులు లేనిదానికి టైమూ ఉండదు. పత్తి ఏరేకాలంలోనో మిరపకాయ కోతల్లోనో అయితే కూలికి పోయి వచ్చి, చీకటి పడ్డాక ముప్పావుగంటలో మీటింగు ముగించాలి. లెక్కలకే ఆ టైము చాలదు. మిగిలినవన్నీ ఇతర విషయాలే.

పైగా తప్పు జరుగుతుందేమోనన్న భయం ఒకటి. కొత్తగా ఏదన్నా చేసి చెడిపోతే నలుగురూ లీడరునే అంటారు. ఏమీ చెయ్యకుండా ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఇంక ఎవరైనా ఏం చేస్తారు చెప్పండి?

అసలు విచిత్రం ఏమిటంటే, మన సంఘాలు పుట్టిందే ఇలాంటి "ఇతర విషయాల" నుంచి.

మీలో నా వయసువాళ్ళకి సారా ఉద్యమం గుర్తుండే ఉంటుంది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. ఆడవాళ్ళకి రాత్రిపూట చదువు చెప్పేవాళ్ళు. ప్రభుత్వం అనుకున్నది అక్షరాలు నేర్పాలని. కానీ ఆ వాచకంలో తాగుబోతు మగవాళ్ళ వల్ల పాడైన సంసారాల మీద పాఠం ఒకటి ఉంది. దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పాఠం దగ్గర ఆగిపోయి, ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్ళోకి సారా రానివ్వకూడదని తీర్మానించుకుని అడ్డం నిలబడ్డారు. వాళ్ళలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ మంట జిల్లాలన్నిటికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. అది 1997లో ఎత్తేశారనుకోండి, ఆ కథ వేరు.

నాకు అందులో నచ్చేది ఏమిటంటే, సారా మీద ఖర్చు కాకుండా మిగిలిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు, రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరు ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. "పొదుపు లక్ష్మి" అన్నారు దాన్ని. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్న పొదుపు సంఘాల వెనక ఆ రూపాయి ఉంది. అక్షరాలు నేర్పే పంతులమ్మ ఆ రోజు, "ఆ గొడవ మనకెందుకు, ముందు ఒత్తులు దిద్దండి" అని ఉంటే? దూబగుంటలో ఆ మాటలు కూడా చర్చించబడిన ఇతర విషయాలై పోయేవి. అలాంటి చోట పుట్టిన పొదుపు సంఘంలో కూర్చుని నేను చెల్లికి చూద్దాంలే అన్నాను.

సంస్థ అండ లేకుండా ఒక ఆలోచన బతకాలంటే ఎంత కష్టమో తెలియాలంటే చింతకింది మల్లేశం గారిని చూడాలి. 2019లో వచ్చిన సినిమా మీరు చూసే ఉంటారు. ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. పోచంపల్లి చీర నెయ్యాలంటే ముందు ఆసు పోయాలి. ఒక చీరకి దారాన్ని మేకుల చుట్టూ సుమారు తొమ్మిది వేలసార్లు చెయ్యి చాపి తిప్పాలి. రోజుకి రెండు చీరలకి ఆసు పోస్తే పద్దెనిమిది వేలసార్లు! వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం పట్టేసి, ఇంక నావల్ల కాదన్నారు. ఆరో తరగతితో బడి మానేసిన ఆ అబ్బాయి, అమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం చెయ్యడం మొదలుపెట్టారు. పూర్తయింది 1999లో. ఏడేళ్ళు! అప్పులు, ఊళ్ళో ఎగతాళి, మధ్యలో ఆపేసి హైదరాబాదు పోయి పనిచేసుకోవడం, అన్నీ అయ్యాయి. ఆ యంత్రానికి వాళ్ళమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆయన గెలిచారు కాబట్టి మనకి తెలుసు. నాలుగో ఏడాదో అయిదో ఏడాదో మానేసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు. చేనేత మీద ఇన్ని సంఘాలు, ఇన్ని ఆఫీసులు ఉన్న దేశంలో, ఆసు పోసే ఆడవాళ్ళ భుజం నొప్పి ఎన్ని మీటింగుల్లో ఇతర విషయంగా దాటిపోయిందో!

మంచి ఆలోచనలని వెతుక్కుంటూ వెళ్ళే సంస్థలూ ఉన్నాయి. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడిగా పనిచేసిన అనిల్ గుప్తా గారు హనీ బీ నెట్‌వర్క్ అని మొదలుపెట్టారు, అంటే తేనెటీగల అల్లిక అనుకోండి. పల్లెటూళ్ళలో కాలినడకన తిరిగి, పెద్ద చదువులు లేకపోయినా బుర్ర ఉన్నవాళ్ళని వెతుకుతారు. శోధయాత్ర అంటారు దాన్ని. మన దగ్గర సైన్యంలో పనిచేసి వచ్చిన బ్రిగేడియర్ పోగుల గణేశం గారు "పల్లె సృజన" పేరుతో అదే పని చేస్తున్నారు. వీళ్ళు పెట్టుకున్న నియమం ఒకటి నాకు చాలా నచ్చింది. ఎవరి దగ్గర ఆలోచన తీసుకుంటే వాళ్ళ పేరు దానితోపాటు ఉండాలి. తేనెటీగ తేనె తీసుకుంటుంది గానీ పువ్వుకి నొప్పి కలగనివ్వదు కదా, అలాగన్నమాట.

అంటే మా మాస్టారు చెప్పినదే. కర్తని మింగెయ్యకూడదు.

ఇదంతా సంఘం సంగతి. ఇల్లు మాత్రం ఇంకేమిటి? మనం పుట్టగానే చేరిన మొదటి సంస్థ ఇల్లే. దానికీ లీడరు ఉంటుంది, పంచసూత్రాలు ఉంటాయి, అటకెక్కిన మాటలూ ఉంటాయి.

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా పెరట్లో బావి పక్కన స్నానాల గది ఉండేది. ఆ నీళ్ళన్నీ గోడవతల మురిగి దోమలు. ఒక చిన్న కాలవ తీసి ఆ నీళ్ళని మూలకి మళ్ళిస్తే నాలుగు అరటి మొక్కలు పెట్టుకోవచ్చన్నాను. అత్తయ్యకి నచ్చలేదు. "పెరడంతా బురద చేస్తావా? మా ఇంట్లో అలాంటివి లేవు" అంది. మా ఇంట్లో అన్న మాట గుచ్చుకుంది. నేనింక ఎవరింట్లో ఉన్నట్టు? రెండు రోజులు ముభావంగా తిరిగాను. మామయ్య మాటలు తక్కువ మనిషి. మూడో రోజు పొద్దున్నే పార తీసుకుని పెరట్లోకొచ్చి, "ఎక్కణ్ణించమ్మా కాలవ?" అన్నారు. అత్తయ్య ఏదో అనబోతే, "ఒక్క వానాకాలం చూద్దాం. బాగోలేకపోతే పూడ్చేద్దాం, మట్టే కదా" అన్నారు.

ఆ ఏడు బురద అయ్యింది కూడా. కాలవ వాలు సరిగ్గా కుదరలేదు. మామయ్య ఒక్కమాట అనలేదు, మళ్ళీ పార తీశారంతే. ఇవాళ్టికీ మా ఇంట్లో అరటిపండు కొనం. పెళ్ళైన ఇన్నేళ్ళలో మామయ్య నాకిచ్చిన వస్తువులేవో గుర్తులేవు గానీ, ఆ మూల ఇచ్చారని మాత్రం మరిచిపోను. ఆ మూల నాది, చెడగొట్టుకున్నా నాదే. అత్తయ్య కూడా తర్వాత తర్వాత వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు పెట్టింది" అని గెలలు చూపించేది.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. మామయ్య సంగతి తనకి చెబితే, "అమ్మా, పెద్ద కంపెనీల్లో కూడా ఇదే" అని త్రీఎం అనే అమెరికా కంపెనీ కథ చెప్పింది. అక్కడ ఉద్యోగులు పని టైములో పదిహేను శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకోవచ్చట. గట్టిగా అంటుకునే జిగురు చేద్దామని 1968లో స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన ప్రయత్నిస్తే, అంటీ అంటనట్టుండే జిగురు తయారైంది. ఎందుకూ పనికిరాదని పారెయ్యలేదు, ఏళ్ళ తరబడి అందరికీ చూపిస్తూ తిరిగాడు. చివరికి ఆర్ట్ ఫ్రై అనే ఇంకో ఉద్యోగి, చర్చిలో పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న చీటీలు జారిపోతున్నాయని, వాటికి ఆ జిగురు రాశాడు. మన పిల్లలు పుస్తకాల్లో అంటించుకునే పసుపు చీటీలు అవే. 1980లో అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. ఆ పదిహేను శాతం కూడా మా మామయ్య ఇచ్చిన పెరటి మూలలాంటిదే అనుకున్నాను.

పసుపు చీటీలంటే ఇంకో విషయం చెప్పాలి. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మా చిన్నమ్మాయి పదో తరగతి. కిందటేడు ఒక పసుపు చీటీ మీద ఇంటిపనుల పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించింది. సోమవారం గిన్నెలు నాన్న, మంగళవారం బట్టలు మడతపెట్టేది తను, అమ్మకి ఆదివారం సెలవు. నేను చూసి ముద్దొచ్చి నవ్వాను. "చూద్దాంలే అమ్మా" అన్నాను. మా వారేమో అసలు చదవనే లేదు. కొన్ని రోజులకి చీటీ ఊడి కింద పడింది. నేనే ఊడ్చేశాను. చీపురు పట్టింది నేను, సెలవు ఇస్తానన్న చీటీని ఊడ్చిందీ నేనే.

ఈమధ్య పెద్దమ్మాయి ఫోనులో మాటల మధ్య, "అమ్మా, చెల్లి వ్యవసాయ డిప్లొమా చదువుతానంటోంది, నీకు చెప్పిందా?" అంది. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని చిన్నదాన్ని అడిగితే, తల పైకెత్తకుండా, "నువ్వు చూద్దాంలే అంటావు కదమ్మా" అంది.

కోపంగా అనలేదు, అదే బాధ. వాన వస్తుంది కదా అన్నంత మామూలుగా అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మామయ్య అన్నది చూద్దాం. నేనన్నది చూద్దాంలే. ఒక్క అక్షరం తేడా. చూద్దాం అంటే ఇద్దరం కలిసి చూద్దామని. చూద్దాంలే అంటే ఇంక చూడక్కర్లేదని. కాదు అని ముఖం మీద అన్నా నయమే, ఎందుకు కాదో అడగొచ్చు, పోట్లాడొచ్చు. అత్తయ్య నాతో కాదంది, అందుకే మామయ్య దాకా వెళ్ళింది. చూద్దాంలే అంటే పోట్లాడ్డానికి కూడా ఏమీ మిగలదు.

మర్నాడు చిన్నదాన్ని కూర్చోబెట్టుకుని డిప్లొమా సంగతి మొత్తం చెప్పమన్నాను. మధ్యలో మూడుసార్లు నోటి దాకా మాట వచ్చింది, ఆడపిల్లకి వ్యవసాయమేంటే అని. మింగాను. మా ఊరి పొలాల గురించి, అరటి చెట్ల గురించి అది ఎంత చెప్పిందో! ఆ అరటి చెట్లే దాని బుర్రలోకి వ్యవసాయం ఎక్కించాయట. మా వారికి ఇంకా ఇష్టం లేదు. ఏమవుతుందో తెలియదు. కానీ ఈసారి వాళ్ళిద్దరి మధ్య నేను పార పట్టుకుని నిలబడాలి.

తర్వాత చెల్లి ఇంటికి వెళ్ళాను. తీర్మానాల పుస్తకం పట్టుకునే వెళ్ళాను. మిషను మీద ఏదో గౌను కుడుతోంది. వాళ్ళబ్బాయి బడి నుంచి అప్పుడే వచ్చాడు. వాడి ప్యాంటు కాళ్ళ దగ్గర, కింది అంచుకి పైగా ఒక గీత కనిపించింది. మడత విప్పి పొడుగు చేసిన గీత. చుట్టూ గుడ్డ వెలిసి, ఆ గీత కింద రంగు కొత్తగా ఉంది. ఆమె ఆలోచనని ఆమె తన ఇంట్లో బతికించుకుంటూనే ఉంది. మాకే లేకుండా పోయింది.

"నువ్వు ఆ రోజు చెప్పింది నేను రాయలేదు చెల్లీ. తప్పు నాది. ఇప్పుడు నీ పేరుతో రాస్తాను, మీటింగులో పెడతాను" అన్నాను.

మిషను ఆపింది. "ఇప్పుడెందుకక్కా. ఆ బడివాళ్ళు రెడీమేడు కొంటున్నారు, ఆ పనే లేదు మనకి" అంది. కోపం లేదు, సంతోషమూ లేదు. టీ పెట్టింది. తాగి వచ్చాను. సినిమాల్లోలాగా చేతులు పట్టుకుని ఏడవలేదు మేం.

భద్రాచలంలో మనలాంటి సంఘాల ఆడవాళ్ళు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేసి "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" అన్న పేరుతో అమ్ముతున్నారు. 2025 జూన్‌లో ప్రధాని తన "మన్ కీ బాత్"లో వాళ్ళ గురించి చెప్పారు. అంతకుముందు కూలిపనికి పోయినవాళ్ళే వాళ్ళు. ఆ వార్త విన్నప్పుడు, మనకి అలాంటి ఆలోచనలు ఎందుకు రావు అని మా మీటింగులోనే అనుకున్నాం. ఇప్పుడనిపిస్తోంది, రాక కాదు. వచ్చినవి రాసుకోక.

ఈ నెల మీటింగులో లెక్కలు మొదలుపెట్టక ముందే నేను పుస్తకం తెరిచాను. "ఇవాళ ఇతర విషయాలు ముందు" అన్నాను. లీడరు అక్క ఎగాదిగా చూసింది. నాలుగేళ్ళ కిందటి సంగతి చెప్పి, నవ్వినందుకు అందరి ముందూ చెల్లికి క్షమాపణ చెప్పుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇక లెక్కల్లోకి వెళదామనుకుంటుండగా మూల నుంచి ఒక పెద్దమ్మ గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ళలో వేలిముద్ర వెయ్యడానికి తప్ప ముందుకి వచ్చిన మనిషి కాదు.

"పత్తి ఏరేటప్పుడు చీర ముక్క నడుముకి కట్టుకుంటాం గదా. నిండేకొద్దీ నడుం విరుగుతాంది. రెండు భుజాలకీ ఏసుకునేటట్టు సంచి కుడితే గాదా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. చెల్లి అప్పటిదాకా నేలకేసి చూస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే, "సంచి నిండాక బరువు ఎటు లాగుద్ది పెద్దమ్మా, ముందుకా, పక్కకా?" అని అడిగింది.

మేం ఏమీ పెద్ద నిర్ణయాలు చెయ్యలేదు. పాత చీరలు నాలుగు, పట్టీలకి కావలసిన గట్టి గుడ్డకి సంఘం డబ్బులోంచి మూడు వందలు. నాలుగు సంచులు కుట్టి ఒక్క పత్తికాలం చూద్దాం, బాగోలేకపోతే విప్పి బొంతలు కుట్టుకుందాం అనుకున్నాం. అవి పనికొస్తాయో రావో నాకు తెలియదు. లీడరు అక్క కూడా, "పోతే మూడొందలు, పొతేపోయినయ్" అంది. ఆమె నోటి నుంచి ఆ మాట విని నేనే ఆశ్చర్యపోయాను.

ఇంటికొచ్చి తీర్మానం రాశాను. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, ఎవరు ఏమి అడిగారో, పేర్లతో సహా. ఒకటిన్నర పేజీ అయింది. ఆ వాక్యం మాత్రం రాయలేదు.

మీ ఇంట్లో, మీ సంఘంలో, మీ ఆఫీసులో మీరు చూద్దాంలే అన్న మాటలు ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. చెప్పినవాళ్ళు ఇంకా మీ పక్కనే ఉండి ఉంటారు. కాస్త ముందే వెళ్ళి అడగండి. నాలాగా నాలుగేళ్ళు ఆగకండి.